బేగి చేసేవి, ఆగి చేసేవి

మా పెద్దమ్మ వాళ్ళది శ్రీకాకుళం జిల్లాలో నాగావళి ఒడ్డున, ఆమదాలవలసకు దగ్గర్లో ఒక చిన్న ఊరు. ఒక ఏడాది దసరా దాటాక ఏరొచ్చి వాళ్ళ వీధిలో నడుం లోతు నిలిచింది. రెండో రోజు సాయంత్రానికి నీళ్ళు తియ్యడం మొదలైంది. అరుగు పూర్తిగా బయటపడకముందే పెద్దమ్మ చీపురు పట్టుకుని ఇంట్లోకి దిగిపోయింది. పోతున్న నీళ్ళనే చెంబుతో గోడలకు కొడుతూ, జారిన బురదని ఆ నీళ్ళతోనే గుమ్మం దాటిస్తోంది. "బేగి రండర్రా, నీరుండగానే తోసీయాల. ఎండిపోతే గునపం ఎట్టి తవ్వినా రాదు" అని కేక. మోటారు వేస్తే పని తొందరగా తెమిలిపోతుందని మా అన్నయ్య పెరట్లోకి నడిచాడు. అక్కడ మోటారు బోర్డు నడుమెత్తులో ఉంటుంది. దానికి జానెడు పైన బురద గీత. పెద్దమ్మ చీపురు తిరగేసి వాడి చేతి మీద ఒక్కటిచ్చింది.

వరద తీశాక చెయ్యాల్సిన పనులన్నీ ఈ రెండు రకాలే. కొన్నింటికి బేగి పడాలి, అంటే తొందరపడాలి, కొన్నింటికి ఎంత ఒత్తిడి ఉన్నా ఆగాలి. చిక్కేమిటంటే మనకు సహజంగా తొందర పుట్టేది ఆగాల్సిన వాటి దగ్గర.

బురద సంగతి పెద్దమ్మ చెప్పిందే నిజం. ఏటి బురదలో ఇసుక తక్కువ, ఒండ్రు ఎక్కువ. ఒండ్రులోని బంకమట్టి రేణువులు గుండ్రంగా ఉండవు, కంటికి కనపడనంత చిన్న పలకల్లా ఉంటాయి. మధ్యలో నీరు ఉన్నంతసేపు ఆ పలకలు ఒకదాని మీద ఒకటి జారుతూ ఉంటాయి. నీరు ఆవిరైతే దగ్గరకు లాక్కుని, గోడ గరుకులోకి దూరి బిగుసుకుపోతాయి. అందుకే తడి ఆరకముందే, గోడ పైనుంచి కిందికి కడగాలి. పెద్దమ్మ చేసిన తప్పల్లా కాళ్ళకు ఏమీ లేకుండా, పగిలిన మడమలతో ఆ నీళ్ళలో దిగడం. దాని సంగతి తరవాత చెబుతాను.

ఇక అన్నయ్య తొందర. నీళ్ళు తీసినా బోర్డు లోపల తడి బురద ఉంటుంది. ఉప్పులు, మురికి కలిసిన ఆ బురద కరెంటుకి చక్కటి దారి. ఊరంతా కరెంటు లేదు కదా అనుకుంటాం. లైన్ ఎప్పుడు ఇస్తారో మనకు తెలియదు, పైగా ఇంట్లో ఇన్వర్టరు ఉంటే ఊరు చీకటిగా ఉన్నా మన గోడలో కరెంటు ఉంటుంది. మెయిన్ పొడిగా ఉండి, దాన్ని అందుకోవడానికి నీళ్ళలో నిలబడనక్కర్లేకపోతేనే ఆపాలి. లేకపోతే 1912కి ఫోన్ చేసి లైన్‌మన్ వచ్చేదాకా ఆగాలి. మునిగిన మోటారు, ఫ్రిజ్, టీవీ 'ఒకసారి ఆన్ చేసి చూద్దాం' అనే సరుకులు కావు. ఎలక్ట్రీషియన్ విప్పి, ఆరబెట్టి, చూసి చెప్పాలి. సిలిండరు నీళ్ళలో కదిలిపోయి గ్యాస్ వాసన వస్తే అగ్గిపుల్లా వద్దు, స్విచ్చూ వద్దు. తలుపులు తీసి బయటికొచ్చి 1906కి చెప్పాలి.

అసలు ఏరు నిజంగా తీసిందా అన్నది కూడా మన దగ్గర చూసుకోవాల్సిన విషయమే. వంశధార, నాగావళి రెండూ ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి, ఒక్కోటి 250 కిలోమీటర్ల చిల్లర మాత్రమే నడిచి సముద్రంలో కలుస్తాయి. పొట్టి నదులు, వాలు ఎక్కువ. గోదావరిలా రోజుల ముందు కబురు పెట్టి రావు. విజయనగరం వైపు చంపావతి ఇంకా చిన్నది. ఇక్కడ ఎండ కాస్తున్నా పైన కొండల్లో కురిసిన వాన మర్నాడు మన వీధికి రావచ్చు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి ఆగిందని జనం ఊపిరి పీల్చుకుంటుండగానే, లోపల కురిసిన వానకి వంశధార పొంగింది. కాబట్టి వంశధార మీది గొట్టా బ్యారేజీ నుంచి, నాగావళి మీది తోటపల్లి బ్యారేజీ నుంచి ఎంత నీరు వదులుతున్నారో వినకుండా సామాను కిందికి దించకూడదు.

కాజ్‌వే మీద 'జానెడు నీళ్ళే కదా' అని బండి తిప్పేవాళ్ళకి ఒక లెక్క. నీటి వేగం రెట్టింపైతే అది కాలి మీద తోసే బలం నాలుగు రెట్లవుతుంది. వడిగా పారే నీళ్ళు 15 సెంటీమీటర్లుంటే చాలు, పెద్ద మనిషి పట్టు తప్పుతాడు. 30 సెంటీమీటర్లకే చిన్న కారు తేలడం మొదలవుతుంది. పైగా ఆ బురద నీటి కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి ఎవడికి కనిపిస్తుంది?

ఇంట్లో అడుగుపెట్టే ముందు బయటే నిలబడి గోడల్ని ఒకసారి చూడాలి. మట్టిగోడలు నీళ్ళలో ఉన్నప్పుడు కాక, నీళ్ళు తీశాక పడిపోవడం మన ఊళ్ళలో చాలామంది చూసిందే. పిల్లలు ఇసుకతో గుడి కడతారు కదా, ఇసుక కొద్దిగా తడిగా ఉంటేనే నిలబడుతుంది. రేణువుల మధ్య ఉన్న సన్నటి నీటి పొర వాటిని దగ్గరకు లాగి పట్టుకుంటుంది. ఖాళీలన్నీ నీటితో నిండిపోతే ఆ లాగుడు పోతుంది. మట్టిగోడ లోపలా ఇదే జరుగుతుంది. వరద నిలిచి ఉన్నప్పుడు రెండు వైపులా నీరు గోడను ఆనుకుని ఉంటుంది. నీరు తీయగానే ఆ ఆసరా పోతుంది, గోడ బరువు మాత్రం నీరు పీల్చుకుని పెరిగి ఉంటుంది. గోడ ఉబ్బినా, కొత్త పగులు కనిపించినా, నిన్నటిదాకా తేలిగ్గా తెరుచుకున్న తలుపు ఇవాళ బిగుసుకున్నా లోపల పడుకోకూడదు.

లోపలికి వెళ్ళేటప్పుడు చేతిలో కర్ర ఉండాలి. పాములకీ ఇల్లు మునిగింది కదా, అవీ పొడి చోటు వెతుక్కుంటూ గాదె కిందికో, కట్టెల్లోకో, అటక మీదికో చేరతాయి. నాగుపాము, రక్తపింజర కరిస్తే తెలుస్తుంది. కట్లపాము అలా కాదు. రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి. దోమతెర అంచులు చాప కిందికి దోపుకుంటే దోమకీ పాముకీ కూడా అడ్డే. కరిస్తే తాడు బిగించడం, కోయడం, పీల్చడం ఏవీ పనికిరావు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి. విషానికి విరుగుడు ఆసుపత్రిలో ఇచ్చే ఇంజెక్షన్ ఒక్కటే. పామును చంపి పట్టుకెళ్ళక్కర్లేదు, ఆ ప్రయత్నంలో రెండో మనిషి కాటు తింటాడు.

వరద తరవాత ఊళ్ళోకి మొదట వచ్చేది బ్లీచింగ్ పౌడరు. ఎవరో పెద్దాయన వస్తున్నాడంటే రోడ్డుకి రెండు పక్కలా ముగ్గు పోసినట్టు తెల్లటి గీతలు పడతాయి. చూడ్డానికి బాగుంటుంది, పని మాత్రం చెయ్యదు. బ్లీచింగ్‌లో ఉన్న క్లోరిన్‌కి ఏది క్రిమో ఏది పేడో తెలియదు. దొరికిన మురికినల్లా పట్టుకుని ఖర్చయిపోతుంది. బురద మీద చల్లితే బురదకే సరిపోతుంది, క్రిమి దాకా రాదు. ముందు సబ్బునీళ్ళతో మురికి వదలగొట్టి, ఆ తరవాత బ్లీచింగ్ నీళ్ళు పోయాలి. ఇంకో మాట, ఇది ప్రాణాల మీదికొచ్చే విషయం. బాత్‌రూమ్ బాగా తెల్లబడాలని బ్లీచింగ్‌లో యాసిడ్ కలిపితే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. అది గాలి కన్నా బరువు, తలుపేసిన గదిలో కిందే పేరుకుంటుంది. వంగి నేల తోముతున్న మనిషి ముక్కు సరిగ్గా అక్కడే ఉంటుంది.

నుయ్యి మునిగితే ఆ నీళ్ళు తేటగా కనిపించినా తాగకూడదు. చుట్టూ నేల ఇంకా నీటితో నిండి ఉండగా మోటారు పెట్టి గబగబా తోడేస్తే పక్కనుంచి వచ్చే ఒత్తిడికి ఒరలు కూలవచ్చు. కాబట్టి ఒకటి రెండు రోజులు ఆగి, నెమ్మదిగా తోడాలి. తోడాక గోడలు కడిగించి, మొదటిసారి బ్లీచింగ్ గట్టిగా వేసి, రాత్రంతా వదిలేసి, ఆ నీళ్ళన్నీ పారబోయాలి. ఎంత వెయ్యాలో ఊరి ఆరోగ్య సిబ్బంది చెబుతారు. అడుగు బురద తియ్యడానికి మనిషిని దించితే విషవాయువు ఉండొచ్చు. ఆ పని అలవాటున్నవాళ్ళది, మన కుర్రాళ్ళది కాదు. తరవాత ఊరిన నీళ్ళకి మామూలు లెక్క. నూతి వ్యాసాన్ని మీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, నీటి లోతుతో గుణించి, 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి. మీటరున్నర వెడల్పు, నాలుగు మీటర్ల నీళ్ళు అంటే సుమారు 7 వేల లీటర్లు. వెయ్యి లీటర్లకు మంచి బ్లీచింగ్ 2.5 గ్రాములు. బకెట్లో ముద్దలా కలిపి, నీళ్ళు పోసి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే నూతిలో పోసి, బకెట్‌తో పైకీ కిందికీ కలియబెట్టి గంటసేపు ఆగాలి. చెమ్మ తగిలి మెత్తబడిన పాత ప్యాకెట్‌లో బలం ఉండదు. ఈ తతంగమంతా అయ్యేదాకా తాగే నీళ్ళు మరగబెట్టుకోవడమే. బుడబుడమని తెర్లాక ఒక్క నిమిషం చాలు.

గాదె దగ్గర మాత్రం మళ్ళీ బేగి పడాలి. తడిసిన ధాన్యం ప్రాణంతో ఉన్న గింజ. ఊపిరి పీలుస్తుంది, వేడి పుట్టిస్తుంది, మొలకెత్తుతుంది. కుప్పలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలిందంటే పని మొదలైపోయిందన్నమాట. ఎండ లేకపోతే క్వింటాలుకి కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి ఉంచమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. నవంబరు, డిసెంబరు తుపాన్లలో కోసిన పనలు తడిస్తే లీటరుకి 50 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్ళు చల్లమంటారు. గింజ లోపలికి నీరు పోకుండా బయటి ఉప్పే పట్టి ఉంచుతుంది, మొలక ఆగుతుంది. ఇది వానకి తడిసిన ధాన్యం మాట. మురుగునీరు సోకిందాన్ని తిండికి వాడకూడదు. బూజు పట్టిందీ అంతే. కొన్ని బూజులు చేసే అఫ్లాటాక్సిన్ అనే విషం వండినా పోదు, గేదెకి పెడితే పాలల్లోకి వస్తుంది. గుడ్డ కట్టిన ఆవకాయ జాడీలోకి ఏటి నీళ్ళు పోయుంటే అదీ పారబోయాల్సిందే. ఉప్పు, కారం ఉందిగా అని మా పెద్దమ్మ ఓ గంట వాదించింది.

విరేచనాలు పట్టుకుంటే మందుల షాపు కన్నా ముందు ఓఆర్ఎస్. మన పేగు గోడలో ఉప్పునీ చక్కెరనీ జంటగానే లోపలికి రానిచ్చే ద్వారాలున్నాయి. అవి వెళ్తే వెనకే నీరు వెళుతుంది. కలరాలో కూడా ఆ ద్వారాలు చెడిపోవు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం బన్‌గావ్‌లో పెట్టిన శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్నే డ్రమ్ముల్లో కలిపి తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి వచ్చాయి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు మరిగించి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో, అంచుకి సమంగా గీసి. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకి ప్రమాదం. ఓఆర్ఎస్‌లా కనిపించే తియ్యటి డ్రింకుల్ని దీని బదులు తాగించకూడదు.

ఊరు మళ్ళీ మామూలైందనుకున్న రెండో వారంలో జ్వరాలు మొదలవుతాయి. మొదటి వరద దోమ పిల్లల్ని ఊడ్చుకుపోతుంది. తరవాత గోలేల్లో, టైర్లలో, ఉద్దానం తోటల్లో కొబ్బరి చిప్పల్లో నిలిచిన తేటనీళ్ళలో డెంగీ దోమ గుడ్లు పెడితే, వారం పది రోజుల్లో కొత్త దండు బయల్దేరుతుంది. నిలవ నీళ్ళు పారబోసే శుక్రవారం డ్రై డే వెనక ఉన్న లెక్క ఇదే. అయితే గోలెం వొంపితే చాలదు, లోపలి అంచు తోమాలి. ఎండిన అంచుకి అంటుకున్న గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి.

పెద్దమ్మ మడమల దగ్గరికొస్తే, ఎలుక మూత్రంలో లెప్టోస్పైరా అనే క్రిమి ఉంటుంది. నీళ్ళలో నాని మెత్తబడిన చర్మం నుంచి, చిన్న పగులు నుంచి అది ఒంట్లోకి దూరుతుంది. వారం రెండు వారాల తరవాత జ్వరం, పిక్కలు పట్టేసే నొప్పి, ఎర్రబడిన కళ్ళు. మొదట్లోనే డాక్టరుకి 'నేను వరద నీళ్ళలో తిరిగాను' అని చెబితే మామూలు యాంటీబయాటిక్‌తో తగ్గుతుంది. ఆలస్యమైతే కిడ్నీలకి ఎక్కుతుంది. బురద ఎత్తి ఎత్తి ఒళ్ళు నొప్పులని షాపులో బిళ్ళ కొనుక్కునే అలవాటు ఇక్కడే దెబ్బ తీస్తుంది. నీళ్ళు సరిగా తాగని ఒంటికి కొన్ని నొప్పి బిళ్ళలు కిడ్నీని దెబ్బకొడతాయి, డెంగీ అయితే రక్తస్రావం పెంచుతాయి. అసలే కిడ్నీ జబ్బులున్న ఉద్దానంలో ఇది చిన్న మాట కాదు. బూట్లు లేకపోతే కనీసం చెప్పులైనా వేసుకోవాలి. ఇంటికొచ్చాక సబ్బుతో కడుక్కోవాలి. మేకు గుచ్చుకుంటే ధనుర్వాతం టీకా వేయించుకోవాలి.

పాస్ పుస్తకాలు, సర్టిఫికెట్లు తడిస్తే ఎండలో పడెయ్యకుండా, పేజీల మధ్య పొడి కాగితం పెట్టి నీడలో ఫ్యాన్ కింద ఆరబెట్టుకోవాలి. అంటుకున్న ఫొటోలని లాగకుండా శుభ్రమైన నీళ్ళలో నానబెట్టి విడదీయాలి.

గోడలు మాత్రం నెలల పని. ఇటుక పీల్చుకున్న నీరు నెమ్మదిగా బయటికొస్తుంది. వస్తూ లోపలి ఉప్పుల్ని కూడా మోసుకొచ్చి, పైన తెల్లటి పొడిలా వదిలేస్తుంది. ఆ పొడిని పొడి చీపురుతో దులిపెయ్యాలి, కడిగితే మళ్ళీ లోపలికే పోతుంది. ఆ ఏడాది దీపావళికే అన్నయ్య ముందు గదికి ఆయిల్ పెయింట్ వేయించాడు. పెద్దమ్మ వంటిల్లు ముట్టుకోనివ్వలేదు, కిటికీలు తెరిచిపెట్టి సంక్రాంతి ముందు సున్నం వేయించుకుంది. పండక్కి నేను వెళ్ళేసరికి ముందు గదిలో, నడుమెత్తు దాకా, పెయింటు అప్పడంలా పొక్కి లేచి ఉంది. గోరుతో గిల్లితే లోపలనుంచి నీటి బొట్టు జారింది.