‘సార్’ అనే మాటలో బానిస లేడు

జూలైలో ఒక పొద్దున పదో తరగతి హాజరు తీసుకుంటుంటే ఒక పిల్లవాడు ‘ప్రెజెంట్’ అని ఊరుకున్నాడు. మిగతా అందరూ ‘ప్రెజెంట్ సార్’. మరునాడూ అంతే. పక్కకు పిలిచి అడిగాను. చాక్‌పీసు ముక్కను వేళ్ల మధ్య తిప్పుతూ, “మీ మీద కోపమేం లేదు, కానీ ఆ మాటకు అర్థం మంచిగ లేదట, మా అన్న ఫోన్‌ల చూపిచ్చిండు” అన్నాడు. మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో అడిగితే ఆ మెసేజ్ అప్పటికే నలుగురి ఫోన్లలో ఉంది. ఎర్ర పటం మీద పసుపు అక్షరాలు: ఎస్ అంటే స్లేవ్, ఐ అంటే ఐ, ఆర్ అంటే రిమైన్. ‘నేను బానిసగానే ఉంటాను’ అని తెల్లవాళ్లు మనతో అనిపించారట.

దేవరకొండ వైపు సర్కారు బడిలో పదిహేడేళ్లుగా ఇంగ్లిష్ చెబుతున్నాను. ఈ మెసేజ్‌ని మా దగ్గర ఎందుకు అంత తేలిగ్గా నమ్ముతారో నాకు తెలుసు. ‘నీ బాంచన్ దొరా, కాల్మొక్తా’ అన్నవాళ్ల మునిమనవలు నా క్లాసులో కూర్చున్నారు. బాంచ అంటే బానిసే. 1946 నుంచి 1951 దాకా ఈ నల్లగొండ గడ్డ మీద సాయుధ పోరాటం జరిగిందంటే, ఆ మాట పలికించిన బతుకు మీద కోపమూ అందులో ఉంది. కాబట్టి ఆ పిల్లవాడి రోషం నాకు నచ్చింది. అర్థం మాత్రం తప్పు.

అపోహ: సర్ అంటే ‘స్లేవ్ ఐ రిమైన్’.

వాస్తవం: ఇది మూడు పదాల పొట్టి రూపం కానే కాదు. లాటిన్‌లో ‘సెనెక్స్’ అంటే ముసలివాడు, ‘సీనియర్’ అంటే వయసులో ఇంకా పెద్దవాడు. ఆ సీనియర్ ఫ్రెంచివాళ్ల నోట్లో అరిగి అరిగి ‘సీర్’ అయింది, ఇంగ్లిష్‌లోకి వచ్చాక సర్ అయింది, అదీ పదమూడో శతాబ్దం చివరికల్లా, అంటే ఈస్ట్ ఇండియా కంపెనీ పుట్టడానికి మూడు వందల ఏళ్ల ముందే. స్పానిష్ ‘సెన్యోర్’, ఇటాలియన్ ‘సిన్యోరె’, ఫ్రెంచి ‘మస్యూ’ చివరి ముక్క, అన్నీ ఆ లాటిన్ మాట పిల్లలే. యూనివర్సిటీ సెనేట్ కూడా ఆ ఇంటిదే, పెద్దల సభ అని. మనం ‘పెద్దాయన’ అంటాం చూడండి, సరిగ్గా అదే. హెడ్‌మాస్టర్‌ని ‘పెద్దసార్’ అంటున్నామంటే పెద్దరికాన్ని రెండుసార్లు చెబుతున్నట్టే.

ఇంకో మాట. మొదటి అక్షరాలు కలిపి కొత్త మాట పుట్టించే అలవాటు ఇరవయ్యో శతాబ్దంలోనే బాగా వ్యాపించింది. రాడార్, లేజర్ అలా పుట్టినవే. ఎప్పటిదో పాత పదానికి ఇలాంటి విడమరుపు కనిపిస్తే ముందు అనుమానించాలి. ‘న్యూస్’ అంటే నాలుగు దిక్కులని మేమూ చిన్నప్పుడు బట్టీ పట్టాం, అదీ నిజం కాదు, కొత్త సంగతులు అని ‘న్యూ’కి బహువచనం, అంతే. పైగా ‘స్లేవ్ ఐ రిమైన్’ ఇంగ్లిష్ వాక్యంలా కూడా లేదు. ‘ఐ రిమైన్’ ముందు రావాలి.

ఆ ‘రిమైన్’ ఎక్కడిదంటే, పాత ఉత్తరాల చివర ‘ఐ రిమైన్, సర్, యువర్ ఒబీడియంట్ సర్వెంట్’ అని రాసేవాళ్లు, తెల్లవాళ్లు తమలో తాము రాసుకునేటప్పుడు కూడా. మనం ‘ఇట్లు తమ విధేయుడు’ అన్నట్టు. ఆ వరుసను ఎవరో ఇలా ముడేసి ఉంటారని నా నమ్మకం.

అపోహ: ఫ్యామిలీ అంటే ‘ఫాదర్ అండ్ మదర్ ఐ లవ్ యు’.

పిల్లలు దీన్ని చార్టు మీద పూలు గీసి మరీ రాస్తారు. చింపెయ్యమని చెప్పడానికి మనసు రాదు, కానీ అసలు సంగతి చెప్పక తప్పదు. బానిస నిజంగా ఉన్నది ఈ మాటలోనే. లాటిన్‌లో ‘ఫాములుస్’ అంటే ఇంటి సేవకుడు, బానిస. ‘ఫమీలియా’ అంటే యజమాని కింద బతికే ఇంటిల్లిపాది, బానిసలతో సహా. ఇప్పుడు స్టైల్‌గా ‘చావ్’ అని వీడ్కోలు చెబుతున్నారు కదా, అది వెనిస్ వాళ్ల మాట, ‘మీ బానిసను’ అని. మన ‘నీ బాంచన్’కి అచ్చు తోబుట్టువు. రోబో ఇంకా దగ్గర: చెక్ భాషలో ‘రోబొత’ అంటే వెట్టిచాకిరి, 1920లో కారెల్ చాపెక్ నాటకంతో లోకానికి తెలిసింది. బోర్డు మీద దాని పక్కన ‘వెట్టి’ అని రాయగానే క్లాసు మొత్తం నిశ్శబ్దమైపోయింది. వెట్టి సంగతి వాళ్ల ఇళ్లల్లో ఇంకా చెప్పుకుంటారు.

అపోహ: సర్ బిరుదును ఇంటిపేరుకు తగిలించొచ్చు.

‘సర్ కాటన్’ అని రాస్తుంటారు. తప్పు. 1861లో నైట్ అయిన, అంటే ‘సర్’ బిరుదు పొందిన ఆయన సర్ ఆర్థర్ కాటన్, పొట్టిగా సర్ ఆర్థర్. బిరుదు సొంత పేరుకే. 1915లో ఇచ్చిన ఆ బిరుదు వద్దని టాగూర్ 1919లో, జలియన్‌వాలా బాగ్ తర్వాత రాశారు. అదీ ఆత్మగౌరవమే, కానీ ఆయన కోపం మాట మీద కాదు, కాల్పుల మీద. మన ‘జాన్ సార్’ వేరు, అది మన దేశపు వాడుక, విదేశీ క్లయింటుకు మెయిల్ రాసేటప్పుడు వద్దు. ‘డియర్ సర్’లో ప్రేమేమీ లేదు, మర్యాదే, నిస్సంకోచంగా రాయండి.

అన్నీ విన్నాక వెనక బెంచీ అమ్మాయి అడిగింది, మరి మేడం అంటే? ఫ్రెంచిలో ‘మా దామ్’, నా దొరసాని అని. దాని వెనక లాటిన్ ‘దోమినా’, ఇంటి యజమానురాలు. మాస్టర్, మిస్టర్ రెండూ ‘మాజిస్టర్’ నుంచి వచ్చాయి, అందులో ఉన్నది ‘ఎక్కువ’ అనే అర్థం. మినిస్టర్‌లో ఉన్నది ‘తక్కువ’. లాటిన్‌లో మినిస్టర్ అంటే సేవకుడు. ఇది చెప్పగానే ఆ పిల్లవాడు నోట్‌బుక్ తెరిచి, నన్నడిగి స్పెల్లింగ్‌తో సహా రాసుకున్నాడు. వాళ్ల అన్నకు చూపిస్తాడట.