సీటు, మెస్సు, ఫీజు: ఓరుగల్లు ఇంజనీరింగ్ విద్యార్థుల రాజకీయం ఎక్కడ పుట్టింది?

ఇంజనీరింగ్ సిలబస్‌లో రాజకీయం ఉండదు. దాన్ని నేర్పింది హాస్టలు.

వరంగల్ ఆర్‌ఈసీకి (రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ) 1959 అక్టోబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఇప్పటి నిట్ అదే. సగం సీట్లు మన రాష్ట్రానికి, సగం బయటి రాష్ట్రాలకు. ఊళ్లో దొర ముందు చేతులు కట్టుకున్న ఇంటి పిల్లవాడు, ఆఫీసరు కొడుకు ఒకే మెస్సులో పక్కపక్కన కూర్చున్నారు. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారన్నది అక్కడ తొలి రాజకీయ పాఠం.

పట్టా ఉంటే కొలువు ఖాయమన్న నమ్మకం 1969లో కదిలింది. పాల్వంచలోని థర్మల్ కేంద్రంలో స్థానికుల ఉద్యోగాల గొడవే ఆ ఏటి ప్రత్యేక తెలంగాణ ఉద్యమానికి నిప్పురవ్వ. 1974లో నక్సల్బరీ బాటను నమ్మిన రాడికల్ విద్యార్థి సంఘం పుట్టింది. మరుసటి ఏడాది ఎమర్జెన్సీలో, జులై 25న గిరాయిపల్లి అడవిలో పోలీసులు కాల్చి చంపిన నలుగురిలో ఆర్‌ఈసీ విద్యార్థి సూరపనేని జనార్దన్ ఒకరు. ఆ చావుతో సంఘం తగ్గలేదు, పెరిగింది. 1978 నుంచి వేసవి సెలవుల్లో విద్యార్థులు జట్లుగా పల్లెలకు వెళ్లారు. కూలి ఎంత, భూమి ఎవరిది, వెట్టి ఎవరు చేస్తున్నారు అని అడిగారు. అదే ఏడాది సెప్టెంబరులో జగిత్యాలలో దొరలకు ఎదురుగా రైతుకూలీల ఊరేగింపు వచ్చింది. తర్వాత మావోయిస్టు అగ్రనేతలైన చెరుకూరి రాజ్‌కుమార్, నంబాల కేశవరావు ఈ కాలేజీలో చదివినవాళ్లే, అజ్ఞాతంలోకి వెళ్లారు. ఇద్దరూ చివరికి తూటాలకే పోయారు. అంత తెలివి, అంత తెగువ తిరిగిరాని దారిలో పోవడం ఈ నేలకు పెద్ద నష్టమే.

1980ల చివర్లో విద్యార్థి సంఘ ఎన్నికలు ఆగాయి. ఓటు అడగడం, ఓడి మళ్లీ నిలబడడం నేర్పే బడి అలా మూతపడింది. తర్వాత ఊరూరా ప్రైవేటు కాలేజీలు లేచాయి. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. నలుగురు కూర్చుని మాట్లాడుకునే రాత్రులే లేవు.

2008లో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంటు పేదింటికి ఇంజనీరింగ్ తలుపు తీసింది, విద్యార్థి మెడకు కొత్త తాడూ వేసింది. పదివేల లోపు ర్యాంకు రాని బీసీ పిల్లలకు వచ్చేది ఏటా 35,000 రూపాయలే. మిగతాది ఇంటివాళ్లు కట్టాలి. సర్కారు బకాయి పడితే కాలేజీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపుతుంది. అవి లేకపోతే ఉద్యోగంలో చేరలేరు, పైచదువుకు పోలేరు. సర్టిఫికెట్ల కోసం కాలేజీ చుట్టూ తిరిగే పిల్లవాడు ధర్నాకు ఎలా కూర్చుంటాడు?

2022 జూన్‌లో బాసర ట్రిపుల్ ఐటీ పిల్లలు మాత్రం కూర్చున్నారు. ఎండలో, వానలో వారం రోజులు, పన్నెండు డిమాండ్లతో. పూర్తికాలం వీసీ, లాప్‌టాప్‌లు, సరైన తిండి. వాళ్లందరూ క్యాంపస్‌లోనే ఉండేవాళ్లు.