ఒకే నేరం, రెండు అరలు: విశాఖ నుంచి చూస్తే తెలుగు డిటెక్టివ్ నవల

డిటెక్టివ్ నవల సాహిత్యమా, కాలక్షేపమా అన్న తగువు లేచినప్పుడల్లా విజయవాడ, హైదరాబాద్, మద్రాసు పేర్లే ముందుకొస్తాయి. పబ్లిషర్లూ వారపత్రికలూ అక్కడివే కాబట్టి అది సహజం. కానీ ఈ తగువు ఎక్కడ పుట్టిందో తెలియాలంటే విశాఖపట్నం నుంచి చూడాలి. నేరం, పోలీసు, దొంగసాక్ష్యం, కోర్టు, ప్లీడరు: అపరాధ పరిశోధక నవలకు కావలసిన ఈ సరుకంతా తెలుగులో అందరికన్నా గొప్పగా వాడుకున్నది ఈ ప్రాంతపు రచయితలే. వాళ్లను మాత్రం ఎవరూ క్రైమ్ రచయితలు అనలేదు.

గురజాడ ‘కన్యాశుల్కం’ సంగతే చూడండి. 1897లో అచ్చయిన ఈ నాటకాన్ని ఆయన బాగా పెంచి 1909లో మళ్లీ వేశారు. సంఘ సంస్కరణ నాటకమని బడిలో చెబుతారు, నిజమే. అయితే కథను లాక్కుపోయేది ఏమిటి? ఆడపిల్ల వేషం వేసిన కుర్రాడికి పెళ్లి చేస్తారు, తెల్లారేసరికి పెళ్లికూతురు మాయం. పెళ్లికొడుకు లుబ్ధావధాన్లు మెడకు ఖూనీ కేసు చుట్టుకుంటుంది. చచ్చినవాళ్లెవరూ లేని ఖూనీ అది. ఆ కేసు విశాఖపట్నం చేరుతుంది, వేశ్య మధురవాణి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వచ్చి చిక్కుముడి విప్పుతుంది. ఇంతకన్నా పకడ్బందీ కేసు కథ ఏ డిటెక్టివ్ రచయిత మాత్రం అల్లగలడు? జనం విరగబడి చూశారని ఆ నాటకం విలువ వీసమెత్తు తగ్గలేదు.

ఆ తర్వాత రావిశాస్త్రి. రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922–1993) విశాఖలో ప్లీడరు. విశాఖ కూడా ఉన్న అప్పటి మద్రాసు రాష్ట్రమంతటా 1948 నాటికి మద్య నిషేధం వచ్చింది. సారా కాచేవాళ్లు, అమ్మేవాళ్లు, మామూళ్లు పుచ్చుకునే పోలీసులు, దొంగకేసులు, వాటి మీద బతికే కోర్టు పక్షులు, అంతా ఒక లోకం. ఆ లోకంలోంచి ‘ఆరు సారా కథలు’ వచ్చాయి. వాటిలో ‘మాయ’ అనే కథ ఉంది. సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ ఒక కుర్ర ప్లీడరు ముందు నిలబడి, చట్టం ఎలా నడుస్తుందో, ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి డబ్బు ఎలా వెళుతుందో తన యాసలో విడమరచి చెబుతుంది. చదువుకున్న లాయరుకి చదువురాని మనిషి లా పాఠం చెప్పడమే ఆ కథ నడక. నేరం ఎవరు చేశారన్నది పాఠకుడికి ముందే తెలుసు. నేరస్థులని ముద్ర వేసే హక్కు ఎవరికి ఉందన్నదే అతణ్ని పేజీ తిప్పిస్తుంది. ఉత్కంఠ అంటే అదే కదా.

అంతకు ముందు 1950ల తొలినాళ్ల ‘అల్పజీవి’లోనూ అంతే. కాంట్రాక్టరు గవరయ్య పేరు తలుచుకుంటేనే వణికిపోయే సుబ్బయ్య మనసులోకి మనల్ని దించేసి, చివరిదాకా ఆ భయంతోనే నడిపిస్తాడు రచయిత. పాత్ర మనసులో పారే ఆలోచనలతోనే నడిచే చైతన్య స్రవంతి నవలగా విమర్శకులు దాన్ని మెచ్చుకున్నారు. భయాన్ని పట్టి కథ నడపడం హారర్ రచయిత విద్య కూడానన్న మాట ఎవరి నోటా పెద్దగా రాలేదు. భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరమ్మ దంపతులు బీనాదేవి పేరుతో రాసిన ‘హేంగ్ మి క్విక్’ కూడా ఈ దారిదే.

సరిగ్గా అవే ఏళ్లలో రెండో అర, అంటే కాలక్షేపం అర, నిండుతోంది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఇంటింటికీ తెలిసిన మనుషులయ్యారు. కొన్నాళ్లకు మధుబాబు రాసిన గూఢచారి షాడో వచ్చాడు. ఆ పుస్తకాల రూపం వేరు. పదహారు పేజీల ఫారం లెక్కన ఇన్ని ఫారాలకు మించకూడదు, ఇంత ధరకు మించకూడదు, నెలనెలా రావాలి. చవక న్యూస్ ప్రింటు, రంగుల అట్ట, అట్ట మీద పిస్తోలు. వీటిని చాలామంది కొని చదవలేదు. అద్దె పుస్తకాల షాపులో డిపాజిట్ కట్టి, రోజుకింత అని తెచ్చుకున్నారు. షాపువాళ్లు అట్టకు దళసరి కాగితం అంటించి, వీపు మీద దబ్బనంతో రంధ్రాలు వేసి దారంతో కుట్టేవారు. పది చేతులు మారాక మూలలు గుండ్రంగా అరిగిపోయి, ఆఖరి ఫారం ఊడి వచ్చేది. హంతకుడి పేరు ఉండేది ఆ ఫారంలోనే. అందుకే తెచ్చుకునేటప్పుడు ముందు వెనక పేజీలు చూసుకోవడం అలవాటు.

అసలు గోడ ఇక్కడ లేచింది. సరుకు ఒకటే, దారులు వేరు. ‘భారతి’లాంటి సాహిత్య పత్రికల్లో వచ్చినదానికి సమీక్ష, సభ, పాఠ్యపుస్తకం. అద్దె షాపు దారిన వచ్చినదానికి పాఠకుడు తప్ప ఎవరూ లేరు. కొమ్మూరి రాసినవాటిలో ఏది గట్టిగా కట్టిన కథ, ఏది ఫారాలు నింపడానికి రాసింది అని తూకం వేసిన విమర్శ బహు తక్కువ. జల్లెడ పట్టేవాళ్లు లేకపోతే గింజా పొల్లూ ఒకే బస్తాలో ఉండిపోతాయి. డిటెక్టివ్ నవలకు జరిగిన అసలు అన్యాయం ఇదేనని నా నమ్మకం. తిడితే బాగుపడేదేమో, దాన్ని అసలు పట్టించుకోలేదు.

1970లో మరో మలుపు, అదీ విశాఖలోనే. ఫిబ్రవరిలో ఇక్కడే పుట్టిన శ్రీశ్రీకి ఇక్కడే షష్టిపూర్తి సన్మానం జరిగింది. మీరు ఎటువైపో తేల్చుకోండని రచయితలను నిలదీస్తూ విద్యార్థులు కరపత్రం పంచారు. ఆ జూలై 4న హైదరాబాద్‌లో విరసం (విప్లవ రచయితల సంఘం) పుట్టింది. అప్పటిదాకా మంచి రచన అంటే శిల్పం, భాష, పాత్రపోషణ. ఇక నుంచి రచన ఎవరి పక్షాన నిలిచిందన్నది ముఖ్యమైంది. అవసరమైన ప్రశ్నే అది. కానీ కాలక్షేపం నవల ఆ పరీక్షకు కూర్చోకుండానే తప్పినట్టయింది.

మరోపక్క వారపత్రికల సర్క్యులేషన్ సీరియల్ మీద ఆధారపడింది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’తో మొదలైన ఊపులో రచయిత్రుల నవలలు ఎంత అమ్ముడుపోయాయంటే, కొందరు మగవాళ్లు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. సీరియల్‌కి ఓ నియమం ఉంది. ప్రతి వారం ‘సశేషం’ దగ్గర పాఠకుడు ఆగలేక ఆగాలి. దాంతో మలుపు కథలోంచి పుట్టడం మానేసి పేజీల లెక్కలోంచి పుట్టడం మొదలైంది. 1978లో మొదలైన ‘చతుర’ నెలకో పూర్తి నవల ఇచ్చి ఈ బలవంతం నుంచి రచయితను కొంత తప్పించింది. ఆ పత్రిక చేసిన మేలు గురించి చెప్పుకోవలసినంత చెప్పుకోలేదు మనం.

తగువు రచ్చకెక్కింది మాత్రం యండమూరి వీరేంద్రనాథ్ చేతబడి చుట్టూ అల్లిన ‘తులసిదళం’ నవలతో. ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తుంటే జనం వారం వారం ఎదురుచూశారు. అందులోని క్షుద్రశక్తి పేరు, కాష్మోరా అన్న మాట, తెలుగిళ్లలో పాతుకుపోయింది. రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని పుస్తకమే రాశారు. ‘క్షుద్ర సాహిత్యం’ అన్న ముద్ర స్థిరపడింది. ఆ విమర్శలో సగం న్యాయం ఉంది. చేతబడి పేరున మనుషులను కొట్టి చంపే సమాజంలో చేతబడి నిజమేనేమో అనిపించే కథ రాస్తే దాని ఫలితం రచయితకు పట్టకపోతే ఎలా? ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆ అనుమానాలు ఎంత ప్రమాదమో ఇక్కడివాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. అయితే ఆ కోపం ఒక పుస్తకం దగ్గర ఆగలేదు. సస్పెన్స్ అన్నదంతా అంటరానిదైపోయింది. మరణశిక్ష మీద అదే రచయిత రాసిన ‘అభిలాష’ను 1983లో సినిమాగా ఆదరించారు. నవలగా దాని మంచిచెడ్డల చర్చ ఆ స్థాయిలో జరగలేదు.

తొంభైల్లో టీవీ సీరియళ్లు వచ్చి వారపత్రిక పాఠకులను పట్టుకుపోయాయి. ఊళ్లో అద్దె షాపులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇప్పుడు సెల్‌ఫోన్ యాప్‌లలో సస్పెన్స్, హారర్ కథలు భాగాలుగా వస్తున్నాయి. ఏ భాగం ఎందరు చదివారో రచయితకు అప్పటికప్పుడే అంకెల్లో తెలిసిపోతోంది. రాసేవాళ్లలో కుర్రవాళ్లు చాలామందే ఉన్నారు, కొందరి చేతిలో మంచి పట్టుంది. ఈ కథ ఇక్కడ సడలింది, ఈ పాత్ర చావుకు కారణం చాలలేదు అని పేరు పెట్టి చెప్పే సమీక్షకులు వాళ్లకు కావాలి. సాహిత్య పేజీలు ఆ పని ఇంకా మొదలుపెట్టాల్సే ఉంది.