గ్లియా కణాలు, మతిమరుపు జబ్బులు: అపోహలు - వాస్తవాలు

మెదడు అనగానే అందరికీ న్యూరాన్లే గుర్తుకొస్తాయి. వాటి మధ్య ఉండే గ్లియా కణాల మీద పనిచేసే నాలాంటివారికి మాత్రం కొన్ని అభిప్రాయాలు పదేపదే ఎదురవుతుంటాయి.

అపోహ: మెదడులో న్యూరాన్ల కంటే గ్లియా కణాలు పదిరెట్లు ఎక్కువ.

వాస్తవం: పాఠ్యపుస్తకాల్లో సైతం ఎన్నో ఏళ్లు నిలిచిన ఈ లెక్కకు గట్టి ఆధారం లేదు. బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్కులానో-హౌజెల్ బృందం 2009లో ప్రచురించిన లెక్క ప్రకారం మానవ మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు, దాదాపు అంతే సంఖ్యలో ఇతర కణాలు ఉన్నాయి.

అపోహ: గ్లియా పని న్యూరాన్లకు ఆసరాగా ఉండటం, పోషకాలు అందించడం మాత్రమే.

వాస్తవం: స్టాన్‌ఫర్డ్‌లో బెన్ బారెస్ ప్రయోగశాల ఎలుకల కంటి న్యూరాన్లను గ్లియా లేకుండా విడిగా పెంచినప్పుడు, అవి బతికే ఉన్నా వాటి మధ్య సంకేతాలు చాలా బలహీనంగా సాగాయి, ఆస్ట్రోసైట్లు అనే గ్లియా కణాలను చేర్చగానే సైనాప్స్‌ల (న్యూరాన్లు ఒకదానికొకటి సంకేతాలు అందించుకునే కూడళ్ల) సంఖ్య ఎన్నోరెట్లు పెరిగింది. అదే ప్రయోగశాలలో బెత్ స్టీవెన్స్ 2007లో దీనికి మరో పార్శ్వాన్ని చూపారు: రోగనిరోధక వ్యవస్థకు చెందిన సీ1క్యూ అనే ప్రొటీన్, ఎదిగే మెదడులో తొలగించాల్సిన సైనాప్స్‌లను గుర్తించడానికి తోడ్పడుతుంది. వాటిని మైక్రోగ్లియా, అంటే మెదడులో రోగనిరోధక పని చేసే గ్లియా కణాలు, మింగేస్తాయని 2012లో తేలింది. ఎదుగుదలలో అవసరమైన ఈ తొలగింపు, మతిమరుపు తెచ్చే ఆల్జీమర్స్ జబ్బును పోలిన స్థితి వచ్చేలా మార్చిన నమూనా ఎలుకల్లో అమైలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుని ఫలకాలు ఏర్పడకముందే మళ్లీ మొదలవుతోందని 2016లో బయటపడిన తర్వాత, ఆసరా కణాలు అనే పేరు ఎంత చాలనిదో మా రంగంలో అందరికీ అర్థమైంది.

అపోహ: ముందు న్యూరాన్లు దెబ్బతింటాయి, గ్లియా ఆ తర్వాత స్పందిస్తుంది.

వాస్తవం: అన్ని సందర్భాల్లోనూ అలాగే జరగాలని లేదు. మెదడులో ప్రధానంగా మైక్రోగ్లియాలో పనిచేసే ట్రెమ్2 జన్యువులోని ఒక అరుదైన మార్పు ఆల్జీమర్స్ ముప్పును సుమారు మూడురెట్లు పెంచుతుందని 2013లో రెండు బృందాలు వేర్వేరుగా నివేదించాయి. పుట్టుకతో వచ్చే జన్యుమార్పు వ్యాధి ఫలితం అయ్యే వీల్లేదు కనుక, ఇది మైక్రోగ్లియాను కారణాల వరుసలో నిలిపే బలమైన సాక్ష్యం. కండరాలను నడిపే న్యూరాన్లు క్షీణించే ఏఎల్ఎస్ జబ్బు నమూనా ఎలుకల్లో కూడా లోపమున్న జన్యువును మైక్రోగ్లియాలో తగ్గిస్తే వ్యాధి నెమ్మదించింది. అయితే 2017లో వెలువడిన ‘హాని చేసే ఆస్ట్రోసైట్లు’ అన్న వర్ణనను పట్టుకుని కణాలను మంచివి, చెడ్డవి అని రెండుగా విడదీయడం సరికాదు. వాటి స్థితులు ఎన్నో.

అపోహ: జబ్బుకు ఇన్‌ఫ్లమేషన్ (మైక్రోగ్లియా వంటి రోగనిరోధక కణాలు రేగడంతో వచ్చే ప్రతిచర్య) కారణమైతే, దాన్ని తగ్గించే మాత్రలు వాడితే సరిపోతుంది.

వాస్తవం: ఆల్జీమర్స్ కుటుంబ చరిత్ర ఉన్న వృద్ధుల్లో ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించే న్యాప్రాక్సెన్, సెలెకాక్సిబ్ అనే నొప్పి మాత్రలను పరీక్షించిన ట్రయల్‌లో వాటివల్ల రక్షణ కనబడలేదు. అమైలాయిడ్ ఫలకాల చుట్టూ చేరిన మైక్రోగ్లియా పక్కనున్న న్యూరాన్లకు నష్టాన్ని పరిమితం చేస్తాయి. ఇన్‌ఫ్లమేషన్‌ను మొత్తంగా అణచివేస్తే ఆ మేలు కూడా పోవచ్చు. అలాగని మైక్రోగ్లియాను ప్రేరేపిస్తే చాలన్నదీ తేలలేదు: ట్రెమ్2ను ఉత్తేజపరిచే ఒక యాంటీబాడీ తొలిదశ ఆల్జీమర్స్ రోగుల్లో వ్యాధిని నెమ్మదింపజేయలేదని 2024లో వెల్లడైంది. నొప్పి మాత్రలను ఏళ్ల తరబడి వాడితే కడుపులో పుండ్లకు, మూత్రపిండాల నష్టానికి ఆస్కారముంది కనుక, మతిమరుపు రాకుండా అన్న ఆశతో వాటిని సొంతంగా మొదలుపెట్టవద్దు.