సభలోకి తెర వచ్చాక

కాకినాడలో ఒక కాలేజీలో వరి సాగు ఖర్చుల మీద జరిగిన సెమినార్‌కి వెళ్ళాను. నా పక్కన కూర్చున్న లెక్చరర్ గారికి చూపు లేదు. వేదిక మీద వక్త లేజర్ చుక్క తిప్పుతూ "ఇదిగో, ఇక్కడ తగ్గింది, ఇక్కడికొచ్చేసరికి మళ్ళీ పెరిగింది, చూశారుగా" అంటూ గ్రాఫులు దాటించేస్తున్నారు. ఏది తగ్గిందో, ఎంత తగ్గిందో ఆయన నోటితో చెప్పలేదు. పక్కాయన నా వైపు వంగి "ఏం తగ్గిందండీ, మాస్టారూ?" అని మెల్లగా అడిగారు. నేను చదివి చెప్పేలోపు రెండు స్లైడ్లు వెళ్ళిపోయాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన ఇక అడగలేదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది.

మన దగ్గర సభ మొదట్నుంచీ ఇలా లేదు. గోదావరి జిల్లాల్లో సభ అంటే మాట. 1890లో కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో టౌన్ హాలు కట్టించిన కాలంలో జనం సభకు వచ్చేది ఉపన్యాసం వినడానికే. కడియంలో పుట్టిన చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి, యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి చేసిన అవధానాలు తలుచుకోండి. పృచ్ఛకుడు సమస్యను పైకి చెప్పాలి. అవధాని ఒక్కో పాదం పైకే పూరించాలి, చివర ధారణలో అన్నీ మళ్ళీ అప్పజెప్పాలి. చూపు లేని శ్రోతకి అక్కడ దక్కకుండా పోయేది చాలా తక్కువ.

అలాగని అది అందరి సభ అనలేను. వినపడనివారికి అక్కడ ఏమీ అందేది కాదు. వేదిక ఎక్కాలంటే మెట్లే దారి. ఈ రెండు లోట్లూ తీరకుండానే తెర మూడోది తెచ్చిపెట్టింది.

మొదట ఓహెచ్‌పీ (ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్) ఉండేది. పారదర్శకమైన షీటు మీద రాసి, కింది నుంచి లైటు వేసి గోడ మీద చూపించేవారు. పవర్‌పాయింట్ 1987లో మాకింటాష్ కంప్యూటర్ల కోసం మొదలైంది. ప్రొజెక్టర్లు మన కాలేజీల్లోకి చేరాక, వక్త చెప్పాల్సిన మాటలో సగం తెర మీదకి ఎక్కేసింది. చెప్పే అలవాటు పోయి "చూడండి" అనే అలవాటు వచ్చింది.

తెలుగులో దీనికి ఇంకో చిక్కు కలిసింది. దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ప్రతి అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు లిపికి 1991 నుంచీ చోటుంది. కానీ మన డీటీపీ సెంటర్లు ఏళ్ళ తరబడి అను ఫాంట్లతోనే పనిచేశాయి. ఈ పద్ధతిలో ఫైలు లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కోడ్లు. ఫాంటు వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. కంటికి చక్కటి తెలుగే. చూపు లేనివారికి తెర మీది రాతను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మాత్రం ఆ కోడ్లనే చదువుతుంది, చెవిలో పడేది అర్థంలేని గోల. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ 2006లో ఉచితంగా మొదలైంది, తెలుగు చదివే గొంతులూ వచ్చాయి. అయినా సదస్సు సావనీర్ అను ఫాంటులో ఉంటే అవేవీ పనికిరావు. స్లైడులో తెలుగు పేరాని ఫొటోగా అతికించినా అంతే. ఇందులో డబ్బు సమస్య ఏమీ లేదు. టైపు చేసేవారికి ముందే ఒక మాట చెప్పాలి, అంతే.

చట్టం నెమ్మదిగా నడిచింది. వికలాంగుల కోసం వచ్చిన 1995 చట్టం రోడ్లు, భవనాలు, రవాణా గురించి చెప్పింది. అదీ ప్రభుత్వ ఆర్థిక స్తోమతకు లోబడి. వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒడంబడికను భారత్ 2007లో ఆమోదించింది. తర్వాత వచ్చిన 2016 చట్టంలోని 42వ సెక్షన్ సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలంది. కానీ ఆ చట్టం కింద వచ్చిన 2017 నియమాల్లో 15వది ఇలాంటి ప్రమాణాలను సలహాల స్థాయిలోనే వదిలేసింది. చూపు లేని రాజీవ్ రతూరీ 2005లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ కేసులో హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయం ఇచ్చిన నివేదికను పరిశీలించిన కోర్టు, ఆ నియమం చట్టానికే విరుద్ధమనీ, తప్పనిసరి ప్రమాణాలు ఉండాల్సిందేననీ 2024 నవంబర్ 8న చెప్పింది. సలహాకీ ఆజ్ఞకీ మధ్య ఇన్నేళ్ళు పట్టింది.

వినికిడి విషయంలో సాయం కొంత ఫోన్ నుంచి వచ్చింది. 2017లో గూగుల్ తెలుగు మాటను అక్షరాలుగా మార్చడం మొదలుపెట్టింది. మైకు గోల, మన యాస, శాస్త్ర పదాలు కలిస్తే అందులో తప్పులు దొర్లుతాయి. పైగా చాలామంది బధిరులకి సొంత భాష తెలుగు అక్షరం కాదు, సైన్ లాంగ్వేజ్. దాని మీద పరిశోధనకీ శిక్షణకీ కేంద్రం 2015లో ఒక సంస్థ పెట్టింది. ఆ సంస్థ 2018లో 3,000 పదాలతో తెచ్చిన నిఘంటువు 2021కి 10,000 పదాలకు పెరిగింది. మాటను సైగల్లోకి మార్చి చూపే ఇంటర్‌ప్రెటర్‌ని పిలిచిన సభల్లోనూ నిర్వాహకులు ఒకటి మర్చిపోతుంటారు. బధిరులు ఒకే క్షణంలో ఆ చేతుల్నీ స్లైడునీ చూడలేరు. కొత్త స్లైడు వేశాక వక్త కొన్ని క్షణాలు ఆగాలి. ఇంటర్‌ప్రెటర్ తెర పక్కనే నిలబడాలి, హాల్లో లైట్లు ఆర్పినా ఆ మనిషి మీద వెలుగు ఉండాలి.

కాకినాడలో నా పక్కన కూర్చున్న లెక్చరర్ గారు ఇప్పుడు సదస్సుకి పేరిచ్చేటప్పుడే ఒక ఉత్తరం జతచేస్తున్నారు. స్లైడ్లు ముందుగా యూనికోడ్‌లో పంపమనీ, అంకెలు పైకి చదవమనీ వక్తలకు చెప్పండని అందులో ఉంటుంది. చాలామంది జవాబివ్వరు. భీమవరంలో ఒక సభవారు మాత్రం రెండు రోజుల ముందే ఫైలు పంపారు. అక్కడ మొదటి ప్రశ్న ఆయనదే. ఏడో స్లైడు పట్టికలోని మొత్తం, వక్త నోటితో చెప్పిన మొత్తం కలవడం లేదని లేచి అడిగారు. వక్త వెనక్కి తిరిగి తెర చూసుకుని, "నిజమేనండి, పట్టికలో తప్పుంది" అన్నారు.