2002 తర్వాత మూడో పేరు లేదు: పోర్చుగల్ ఫుట్సాల్ లీగ్ వెనక కథ

2025లో పోర్చుగల్ ఫుట్సాల్ (ఇండోర్ హాల్లో అయిదుగురేసి ఆడే ఫుట్‌బాల్) లీగ్ బెన్‌ఫికా గెలిచింది, అంతకుముందు వరసగా నాలుగు సీజన్లు స్పోర్టింగ్ గెలిచింది, ఇంకొంచెం వెనక్కెళ్తే మళ్ళీ బెన్‌ఫికా, మళ్ళీ స్పోర్టింగ్. ఇలా వెనక్కి పోతూనే ఉంటే 2002 దగ్గర ఆగుతాం. ఆ ఏడాది ఛాంపియన్ ఫ్రెయిషియెయిరో అనే చిన్న క్లబ్, పోర్టో సిటీ పక్కన మతోజిన్యోష్ ఏరియాది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి పైగా మూడో క్లబ్ పేరు ఆ లిస్టులో ఎక్కలేదు. రెండూ లిస్బన్ క్లబ్బులే, వాటి స్టేడియంల మధ్య దూరం కూడా కొద్ది కిలోమీటర్లే.

ఇంకోపక్క చూస్తే ఇదే దేశం 2018లో యూరప్ ఛాంపియన్, 2021లో ప్రపంచ ఛాంపియన్, 2022లో మళ్ళీ యూరప్ ఛాంపియన్. మొత్తం దేశం జనాభా కోటి పైచిలుకు, అంటే హైదరాబాద్ చుట్టుపక్కలంతా కలిపితే ఎంతమంది ఉంటారో దాదాపు అంతే. విస్తీర్ణం తెలంగాణ కంటే తక్కువ. ఇంత చిన్న దేశానికి అంత పెద్ద గెలుపులు ఎలా వచ్చాయి, లీగ్ మాత్రం ఇద్దరి చేతుల్లోనే ఎందుకుండిపోయింది అని అడిగితే, రెండిటికీ జవాబు ఒకటే చోట ఉందనిపిస్తుంది నాకు, దానికి మొదట్నించి రావాలి.

ముందు ఆట గురించి ఒక మాట, ఎందుకంటే మన దగ్గర ఊరికో టర్ఫ్ వచ్చాక అయిదుగురేసి ఆడే ఫుట్‌బాల్ ఏదైనా ఫుట్సాల్ అనేస్తున్నాం. అసలు ఫుట్సాల్ గడ్డి మీద ఆడేది కాదు, చుట్టూ నెట్ కట్టి బంతి బయటికి పోకుండా ఆడేదీ కాదు. ఇండోర్ హాల్లో గట్టి ఫ్లోర్ మీద, 40 మీటర్ల పొడవు 20 మీటర్ల వెడల్పు కోర్టులో, గీత దాటితే బంతి అవుట్. బంతి కూడా వేరు, ఫుట్‌బాల్ కంటే చిన్నది, సరిగా ఎగరదు. రెండు మీటర్ల ఎత్తు నించి వదిలితే మొదటి బౌన్స్ 50 నించి 65 సెంటీమీటర్లే లేవాలని రూలే ఉంది. అందుకే ఫుట్సాల్ ఆడేవాడు బంతిని అరికాలి కింద తొక్కిపెట్టి ఆపుతాడు, పక్కకి దొర్లిస్తాడు, మీదకొచ్చినవాడి కాళ్ళ సందులోంచి లాగేస్తాడు, చూస్తుంటే షూ కింద బంక ఉందా అనిపిస్తుంది. హాఫ్‌కి 20 నిమిషాలు, కానీ బంతి ఆగితే గడియారం కూడా ఆగుతుంది కాబట్టి కింద పడి టైమ్ తినెయ్యడం కుదరదు.

ఈ ఆట పుట్టింది 1930లో, ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో, వై.ఎం.సి.ఏ. టీచర్ హువాన్ కార్లోస్ సెరియాని జిమ్ హాల్లో పిల్లలతో ఆడించడానికి రూల్స్ రాశాడు. అక్కడ్నించి బ్రెజిల్‌కి పాకింది, పెద్దగా ఎదిగింది అక్కడే. 1971లో బ్రెజిల్‌లోనే ఫిఫూసా అని సొంత అంతర్జాతీయ సంస్థ పెట్టుకుని 1982లో ప్రపంచకప్ కూడా నడిపారు. తర్వాత ఫిఫా ఈ ఆట నాది అని దిగి 1989లో నెదర్లాండ్స్‌లో తన ప్రపంచకప్ తాను పెట్టుకుంది. చాలా దేశాల్లో ఈ గొడవ వల్ల ఒకే ఆటకి రెండు సంస్థలు, రెండు రకాల రూల్స్, రెండు పేర్లు నడిచాయి, పోర్చుగల్‌లో కూడా హాల్ ఫుట్‌బాల్, ఫైవ్ ఫుట్‌బాల్ అని రెండు మాటలు వినిపించిన కాలం అది. బ్రెజిల్‌ది పోర్చుగీసు భాషే కాబట్టి ఆటగాళ్ళు, కోచ్‌లు, ఆట మాటలు అన్నీ అడ్డం లేకుండా వచ్చేశాయి, మిగతా యూరప్‌కి లేని సౌకర్యం ఇది.

జాతీయ లీగ్ 1990-91 సీజన్‌లో మొదలైంది, మొదటి ఛాంపియన్ స్పోర్టింగ్. అది చూసి మొదట్నించీ పెద్ద క్లబ్బుల రాజ్యమే అనుకుంటే తప్పు. ఆ మొదటి పన్నెండేళ్ళ లిస్టులో కొర్రెయు ద మన్యా అని ఒక పేరు కనిపిస్తుంది, అది ఒక దినపత్రిక పేరు! పేపర్ పేరుతో నడిచిన టీమ్ దేశానికే ఛాంపియన్ అయ్యింది. మిరామార్ అనే పేరు కనిపిస్తుంది, అది పోర్టో పక్కన గాయా వైపు సముద్రం ఒడ్డు ఊరి క్లబ్. చివర్లో ఫ్రెయిషియెయిరో. వీధి క్లబ్బులు, పేట క్లబ్బులు, ఊరి హాలు, సాయంత్రం డ్యూటీ దిగి ప్రాక్టీసుకొచ్చే ఆటగాళ్ళు, మ్యాచ్‌కి వచ్చేది చుట్టుపక్కల జనం. ముఖ్యంగా ఉత్తరాన పోర్టో చుట్టూ ఈ పేట క్లబ్బులు చాలా బలంగా ఉండేవి. 2000లో గ్వాటెమాలా ప్రపంచకప్‌లో పోర్చుగల్ మూడో స్థానం తెచ్చుకుందంటే అది ఈ కాలం పంటే.

మలుపు 2001. ఆ ఏడాది బెన్‌ఫికా ఫుట్సాల్ టీమ్ పెట్టింది. 2003కి ఛాంపియన్ అయిపోయింది కూడా.

ఇది మనకి అర్థం కావాలంటే అక్కడి క్లబ్ అంటే ఏంటో తెలియాలి. బెన్‌ఫికా, స్పోర్టింగ్ అంటే మనం టీవీలో చూసే ఫుట్‌బాల్ టీమ్ ఒక్కటే కాదు. వాటికి లక్షల్లో సభ్యులుంటారు, చందా కడతారు, అధ్యక్షుణ్ణి ఓటేసి ఎన్నుకుంటారు, హ్యాండ్‌బాల్, బాస్కెట్‌బాల్, వాలీబాల్, రోలర్ హాకీ అన్నిటికీ ఆ రంగు జెర్సీ ఉంటుంది. తాతల కాలం నించి ఇంట్లో అందరూ ఎర్ర జెర్సీనో ఆకుపచ్చ జెర్సీనో పట్టుకుని ఉంటారు కాబట్టి, కోర్టులో అయిదుగురు ఆడినా మైదానంలో పదకొండు మంది ఆడినా పక్కోడి చేతిలో ఓడిపోవడం కుదరదు. స్పోర్టింగ్ అప్పటికే ఫుట్సాల్‌లో ఉంది, బెన్‌ఫికా దిగింది, ఇక పోటీ మొదలైంది, వాడొక ఆటగాణ్ణి కొంటే వీడు ఇద్దర్ని, వాడు కోచింగ్ స్టాఫ్ పెంచితే వీడు జూనియర్ టీములు పెంచుతాడు. చిన్న క్లబ్ ఆటగాడు సాయంత్రం ప్రాక్టీసుకొస్తుంటే ఇక్కడివాళ్ళు పొద్దున్నించీ అదే పని మీద ఉన్నారు, జీతం తీసుకుని.

దీన్ని ఒక్క మనిషిలో చూపించాలంటే రికార్డిన్యో. 1985లో పోర్టో పక్కన గోండోమార్‌లో పుట్టాడు, పొట్టిగా ఉన్నాడని చిన్నప్పుడు పెద్ద ఫుట్‌బాల్ క్లబ్ వద్దనుకుంది, ఫుట్సాల్‌కి వచ్చాడు, మిరామార్‌లో ఆడాడు. అవును, ఆ పేట క్లబ్ మిరామారే. 2003లో బెన్‌ఫికా లిస్బన్ తీసుకెళ్ళిపోయింది, ఆ ఏడే పద్దెనిమిదేళ్ళు నిండాయి. తర్వాత జపాన్‌లో నగోయా, స్పెయిన్‌లో ఇంటర్, ప్రపంచంలో ఉత్తమ ఫుట్సాల్ ఆటగాడి అవార్డు ఆరుసార్లు. ఆ ఎడమ కాలిని తయారుచేసింది ఉత్తరాది చిన్న హాళ్ళు, కానీ వయసొచ్చి ఆట చూపించాల్సిన టైముకి మిరామార్‌లో అతన్ని ఉంచుకునే డబ్బు లేదు. ఒక్కడి కథ కాదు ఇది, 2002 తర్వాత లీగ్ మొత్తం కథ ఇదే.

2010లో లిస్బన్‌లోనే జరిగిన యూరప్ క్లబ్ ఫైనల్లో బెన్‌ఫికా స్పెయిన్ క్లబ్ ఇంటర్‌ని (అప్పటి పేరు ఇంటర్‌వియు) ఎక్స్‌ట్రా టైమ్‌లో 3-2తో కొట్టింది. పోర్చుగల్ క్లబ్ ఆ కప్పు గెలవడం అదే మొదలు. స్పోర్టింగ్‌కి మాత్రం చాలా కాలం దొరకలేదు, 2011, 2017, 2018 ఫైనల్స్ ఓడిపోయింది, 2017లో అయితే ఇంటర్ చేతిలో 7-0. అదే టైములో ఇంకో లోటు ఏంటంటే ఇంత పెద్ద క్లబ్‌కి చాలా ఏళ్ళు సొంత ఇండోర్ హాలే లేదు, లిస్బన్ పక్కన ఒడివెలాష్‌లో హాల్ తీసుకుని అక్కడ ఆడుకునేవాళ్ళు. 2017 జూన్‌లో స్టేడియం పక్కనే జువావ్ రోషా హాల్ తెరిచారు, మూడువేల మంది పడతారు. రెండేళ్ళకి 2019లో కజకిస్తాన్‌లోని అల్మాటీ వెళ్ళి అక్కడి కైరాత్‌నే వాళ్ళ గడ్డ మీద 2-1తో ఓడించి కప్పు తెచ్చారు. 2021లో క్రొయేషియాలోని జదర్‌లో బార్సిలోనా మీద 2-0 వెనకబడి ఉండి 4-3తో గెలిచారు. ఈ రెండు కప్పులూ ఒకే కోచ్ నూనో డియాస్ కింద, 2012 నించి ఆయనే. కోచ్‌ని అన్నేళ్ళు మార్చకుండా ఉంచడం ఒక్కటే స్పోర్టింగ్ చేసిన అతి మంచి పని అని నా అభిప్రాయం.

దేశం టీమ్ దగ్గరికొస్తే 2018 ఫిబ్రవరి, స్లొవేనియాలోని లుబ్లియానా, యూరో ఫైనల్, ఎదురుగా స్పెయిన్. మొదటి నిమిషంలోనే రికార్డిన్యో గోల్. తర్వాత స్పెయిన్ రెండు కొట్టి ముందుకెళ్ళింది. రెండు నిమిషాలు కూడా లేవనగా బ్రూనో కొయెల్యో సమం చేశాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో రికార్డిన్యో కాలు దెబ్బతిని బయటికి వచ్చేశాడు, కెప్టెన్ బెంచ్ దగ్గర, కోర్టులో మిగతావాళ్ళు. ఫుట్సాల్‌లో టీమ్ ఫౌల్స్ లెక్కపెడతారు, ఆరో ఫౌల్ నించి ఎదుటి టీమ్‌కి పది మీటర్ల నించి గోడ లేకుండా ఒక కిక్ ఇస్తారు, కొట్టేవాడు గోల్‌కీపర్ ఇద్దరే. ఆట నిమిషం కూడా మిగల్లేదు, అలాంటి కిక్ పోర్చుగల్‌కి వచ్చింది, మళ్ళీ బ్రూనో కొయెల్యోనే. గోల్, 3-2. అప్పటిదాకా ఆ దేశానికి పెద్ద ఫుట్సాల్ టైటిల్ ఒక్కటీ లేదు.

2021లో లిథువేనియా ప్రపంచకప్ ఫైనల్లో అర్జెంటీనా మీద 2-1, రెండు గోల్సూ పానీ వరేలావే, అప్పుడతను స్పోర్టింగ్ ఆటగాడు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో రష్యా మీద 2-0 వెనకబడి 4-2తో గెలుపు, ఆ యూరోలో ఉత్తమ ఆటగాడు జికీ తే. గినీ-బిస్సావ్‌లో పుట్టి చిన్నప్పుడే పోర్చుగల్ వచ్చి స్పోర్టింగ్ జూనియర్స్‌లో పెరిగిన కుర్రాడు, అప్పటికి ఇరవయ్యేళ్ళే. మూడు టైటిల్స్‌కీ కోచ్ జార్జ్ బ్రాజ్. ఇటలీ, కజకిస్తాన్ లాంటి దేశాలు బ్రెజిల్‌లో పుట్టిన ఆటగాళ్ళకి పాస్‌పోర్ట్ ఇచ్చి టీమ్ కట్టుకున్నాయి, పోర్చుగల్ ఎక్కువ భాగం తన హాళ్ళలో పెరిగినవాళ్ళతోనే గెలిచింది. రోజూ ప్రాక్టీస్‌లో ప్రపంచస్థాయి ఆటగాళ్ళ మీద ఆడటం, ఏడాదికి చాలాసార్లు ఆ బెన్‌ఫికా-స్పోర్టింగ్ మ్యాచ్‌ల వేడిలో కాగడం, ఇది ఆ ఇద్దరి పోటీ ఇచ్చిన లాభం. కాదనలేం.

కానీ నష్టం కూడా పక్కనే ఉంది. ఇప్పుడు టాప్ డివిజన్‌లో 12 టీములు, సీజన్ అయ్యాక పైన ఎనిమిది ప్లేఆఫ్స్ ఆడతాయి. లీగ్ పేరులో ప్లకార్డ్ అని స్పాన్సర్ పేరు కూడా ఉంటుంది. కాగితం మీద ప్లేఆఫ్ అంటే ఎవరైనా గెలవచ్చు. కానీ ఒక్క మ్యాచ్ కాదు కదా, అదే టీమ్‌ని మళ్ళీ మళ్ళీ ఓడించాలి, బెంచ్ లోతు లేని టీమ్‌కి రెండో మ్యాచ్‌కే కాళ్ళు పట్టేస్తాయి, ఈ ఆటలో రెండు మూడు నిమిషాలకొకసారి నలుగురినీ మార్చేస్తారు కాబట్టి పదో ఆటగాడు ఎవడన్నదే తేడా తెస్తుంది. బ్రగా వాళ్ళు మిన్యో యూనివర్సిటీ విద్యార్థి సంఘంతో కలిసి టీమ్ నడిపి 2017లో ఫైనల్ దాకా వచ్చారు, టైటిల్ స్పోర్టింగ్‌కే పోయింది. పోర్టో క్లబ్ అయితే ఇన్నేళ్ళలో టాప్ లీగ్‌లో ఫుట్సాల్ టీమే దించలేదు. హ్యాండ్‌బాల్, రోలర్ హాకీలో ఆ క్లబ్ ఎంత గట్టిదో అందరికీ తెలుసు, ఉత్తరాదిలో పుట్టిన ఇంతమంది ఆటగాళ్ళకి ఇంటి దగ్గర ఒక పెద్ద జెర్సీ ఉండి ఉంటే ఈ లిస్టు ఇలా ఉండేది కాదని నేను గట్టిగా నమ్ముతాను. 2019-20 సీజన్ కోవిడ్‌తో మధ్యలో ఆగిపోయి ఎవరికీ టైటిల్ ఇవ్వలేదు, రెండు దశాబ్దాల్లో ఆ ఇద్దరికీ దక్కని ఒకే ఒక్క ఏడాది అది.

మిగతా పేర్లు చదివితే మ్యాప్ చదివినట్టు ఉంటుంది. ఫుండావ్ అంటే లోపలి కొండల వైపు చిన్న పట్టణం, ఎలెక్త్రికో అంటే పోంటి ది సోర్ అనే ఊరి క్లబ్, కషీనాష్ అంటే చేపలు పట్టేవాళ్ళ పేట, ఫెరెయిరా దు జేజిరి, విసెవు, పోర్తో సాల్వో. ఇవి మునిసిపాలిటీ హాళ్ళలో ఆడే క్లబ్బులు, లిస్బన్ టీమ్ వచ్చిన రోజు ఊరంతా హాల్లోనే ఉంటుంది. పిల్లలకి మొదటి బంతి ఇచ్చేది కూడా ఇలాంటివే.

మన వైపు లింక్ ఒకటుంది. 2016లో ప్రీమియర్ ఫుట్సాల్ అని చెన్నై, గోవాలో పెట్టారు, రొనాల్డిన్యో లాంటి పెద్ద పేర్లు వచ్చాయి, 2017లో తెలుగు టైగర్స్ అని మన పేరుతో కూడా టీమ్ ఉంది. జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య గుర్తింపు లేకుండా నడిచి రెండు సీజన్లకే ఆగిపోయింది. తర్వాత సమాఖ్య 2021లో ఢిల్లీలో క్లబ్ ఛాంపియన్‌షిప్ మొదలుపెట్టింది, దేశం టీమ్ 2023లో మొదటిసారి ఆసియా క్వాలిఫయర్స్ ఆడింది. పోర్చుగల్‌లో బెన్‌ఫికా దిగకముందే పదేళ్ళు ఊరి హాళ్ళు నడిచాయి, మన దగ్గర ముందు రొనాల్డిన్యో వచ్చాడు, హాళ్ళు ఇంకా రావాలి.

2025 నాటికి లెక్క స్పోర్టింగ్ 19, బెన్‌ఫికా 9. మిరామార్ కుర్రాడు బెన్‌ఫికాకి వెళ్ళింది, ఫ్రెయిషియెయిరో ఛాంపియన్ అయిన మరుసటి ఏడాదే.