‘అగపావో’ అంటే దైవప్రేమ ఒక్కటేనా? అపోహలు - వాస్తవాలు

కొత్త నిబంధన గ్రీకు బోధించే నన్ను విద్యార్థులు ఎక్కువగా అడిగేది ‘అగపావో’ (ప్రేమించు) అనే క్రియ గురించే. ప్రసంగాలలో విన్న అర్థాన్ని వారు గట్టిగా నమ్మి వస్తారు కాబట్టి, ప్రయోగాలను చూపించి మాట్లాడడమే మంచిదని నా అభిప్రాయం.

అపోహ: ‘అగపావో’ దేవుని నిస్వార్థ ప్రేమకు, ‘ఫిలేఓ’ మనుషుల స్నేహానికి ప్రత్యేకించిన క్రియలు.

వాస్తవం: అమ్నోను తన చెల్లెలు తామారుపై పెంచుకొని, చివరకు ఆమెను చెరచేదాకా వెళ్లిన మోహాన్ని (రెండవ సమూయేలు 13) పాత నిబంధన ప్రాచీన గ్రీకు అనువాదమైన సెప్టువజింట్ ‘అగపావో’తోనే చెప్పింది. పరిసయ్యులు అగ్రపీఠాలను కోరడాన్ని లూకా (11:43) ఈ క్రియతో చెబితే, అదే సంగతిని మత్తయి (23:6) ‘ఫిలేఓ’తో చెప్పాడు. తండ్రి కుమారుణ్ణి ప్రేమించడానికి యోహాను 3:35లో మొదటి క్రియ ఉంటే, 5:20లో రెండవది ఉంది. దేమా ఇహలోకమును ‘స్నేహించి’ పౌలును విడిచి వెళ్లాడని మన తెలుగు బైబిలు చెప్పేచోట (రెండవ తిమోతి 4:10) గ్రీకులో కనిపించేది ‘అగపేసాస్’, అంటే ‘అగపావో’ రూపమే. యోహాను 3:16లో దేవుని ప్రేమ ఎంతటిదో మనకు తెలిసేది ఆయన తన కుమారుణ్ణి అనుగ్రహించాడన్న మాట వల్ల. ఆ బరువంతా ఒక్క క్రియ మీద మోపకూడదు.

అపోహ: ఈ క్రియను క్రైస్తవులే పుట్టించారు.

వాస్తవం: క్రీస్తుకు శతాబ్దాల ముందే పుట్టిన హోమర్ గ్రీకు కావ్యం ఒడిస్సీ 23వ సర్గలో, చూసిన వెంటనే ఆప్యాయంగా ఆదరించనందుకు కోపగించవద్దని పెనెలోపే, ఎన్నో ఏళ్ల తరువాత ఇంటికి తిరిగివచ్చిన తన భర్త ఒడిస్సియస్‌ను వేడుకునేటప్పుడు వాడినది ఇదే. తరువాతి గ్రీకు రచనలలో ‘ఉన్నదానితో తృప్తిపడు’ అనే అర్థమూ ఉంది.

అపోహ: యోహాను 21లో ‘నన్ను ప్రేమిస్తున్నావా?’ అని పేతురును మూడుసార్లు ప్రశ్నించిన యేసు మొదట ఉన్నతమైన ప్రేమను అడిగాడు, పేతురు స్నేహం మాత్రమే ఇవ్వగలిగాడు, అందుకే మూడవసారి ప్రశ్న దిగివచ్చింది.

వాస్తవం: మొదటి రెండు ప్రశ్నలలో ‘అగపాస్’ (‘అగపావో’ రూపం) అనీ, మూడవదానిలో ‘ఫిలేయిస్’ (‘ఫిలేఓ’ రూపం) అనీ ఉన్న మాట నిజమే. కానీ అవే మూడు వచనాలలో గొఱ్ఱెపిల్లలు, గొఱ్ఱెలు అనీ, మేపు, కాయు అనీ, తెలియడానికి రెండు వేర్వేరు క్రియలనూ యోహాను మార్చి మార్చి రాశాడు. వాటన్నిటికీ వేరువేరు సిద్ధాంతాలు ఎవరూ కట్టరు. పైగా, అడిగిన ప్రేమకు తక్కువైనది ఇస్తున్నవాడు ‘అవును ప్రభువా’ అని జవాబు మొదలుపెట్టడు. పేతురు బాధపడింది క్రియ మారినందుకు కాదు, మూడవసారి అడిగినందుకని 17వ వచనమే చెబుతున్నది.